వాన కోసం కలిసి చూసిన సీమ



అనంతపురం పల్లెల్లో ఒక మాట ఉంది: ఉత్తర చూసి ఎత్తర గంప, విశాఖ చూసి విడవర కొంప. ఉత్తర కార్తె సెప్టెంబరు నడిమిలో వస్తుంది. అప్పటికీ చేను తడవకపోతే గంప నెత్తికెత్తుకొని పని దొరికే చోటికి నడవమని అర్థం. విశాఖ కార్తె నవంబరులో వస్తుంది. అప్పటికీ దిక్కు లేకపోతే ఇల్లే వదిలిపెట్టమంటుంది ఆ సామెత. ఇంత కఠినమైన మాటను పిల్లలకు కూడా నోటికొచ్చేలా నేర్పిన ప్రాంతం గురించి ఈ పూట మాట్లాడుకుందాం.

నేను చెప్పేది రాయలసీమలో అనంతపురం వైపు పల్లెల సంగతి. 2022లో జిల్లా రెండయింది, కొంత భాగం శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది. పేరు మారినా నేల అదే, ఆకాశం అదే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. అదీ ఒక పద్ధతిగా రాదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే చాలావరకు కురిసేసి, తేలికపడి ఇటు వస్తాయి. ఈశాన్య మేఘాలు తూర్పు తీరంలో కురిసి, ఇక్కడికి వచ్చేసరికి అలసిపోతాయి. పెన్న, చిత్రావతి నదులు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకగానే కనిపిస్తాయి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్ళకు వదిలేసినప్పుడు దీనికి దత్తమండలాలనే పేరొచ్చింది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు రాయలసీమ అన్న పేరు పెట్టారు. ఆ తరువాత సినిమాలు ఈ ప్రాంతానికి వేటకొడవలిని అంటగట్టాయి. ఇక్కడ పగలు లేవని, చావులు జరగలేదని నేను అనను. కానీ సీమ మనిషి బతుకులో అది చిన్న ముక్క. మిగతా బతుకంతా వానను తలుచుకుంటూ గడిచేదే. ఆ ఎదురుచూపు ఎవరికి వారు చేసింది కాదు, ఊరంతా కలిసి చేసింది. ఈ సీమ తిండి, పండగ, పాట, చుట్టరికం, అన్నీ అందులోంచే పుట్టాయని నేను నమ్ముతాను.

ముందు కాలం లెక్క చూడండి. పల్లెలో పెద్దవాళ్ళు నెలల పేర్లతో మాట్లాడరు, కార్తెలతో మాట్లాడతారు. ఏడాదికి 27 కార్తెలు, ఒక్కొక్కటీ పదమూడు పద్నాలుగు రోజులు. రోహిణిలో రోళ్ళు పగిలే ఎండ. జూన్ మొదటి వారం దాటగానే మృగశిర. ఆ రోజుల్లో ఒక మనిషి ఇంకో మనిషికి ఎదురైతే మొదట అడిగేది ఆరోగ్యం సంగతి కాదు.

"ఏం మామా, మీ పక్క పదునయిందా?"

"జానెడు దిగిందిలే అల్లుడా. ఇంకొక్క వాన పడితే గొర్రు కట్టొచ్చు."

జానెడు దిగిందంటే, చేనులో మట్టి తవ్వి తడి ఎంత లోతుకు పోయిందో చేత్తో కొలిచి చూశాడన్నమాట. తడి పైపైనే ఉన్నప్పుడు విత్తితే గింజ మొలిచి ఎండిపోతుంది. ఆగితే అదును తప్పిపోతుంది. విత్తనమంటే అప్పు తెచ్చి కొన్నది. కాబట్టి ఎప్పుడు విత్తాలన్నది ఆ ఇంటికి ఆ ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద నిర్ణయం. రైతు ఒక్కడే దాన్ని తీసుకోడు. రచ్చకట్ట మీద నలుగురిని అడుగుతాడు, ఇంట్లో ఆడవాళ్ళను అడుగుతాడు, పక్క చేనువాడు ఏం చేస్తున్నాడో చూస్తాడు.

విత్తడానికి ముందు ఇంకో పని ఉంది, బుడ్డలు వలవడం. వేరుశనక్కాయలను మా వైపు బుడ్డలంటారు. దేశంలోనే అన్నిటికన్నా ఎక్కువ వేరుశనగ వేసిన జిల్లాగా అనంతపురం చాలా ఏళ్ళు నిలిచింది. అంత విస్తీర్ణానికి కావలసిన విత్తనం ఒకప్పుడు చేత్తో వలిచిందే. మిషనులో ఆడిస్తే పప్పు మీది పొర చిట్లుతుంది, చిట్లిన పప్పు సరిగా మొలవదు. అందుకని వేసవి సాయంత్రాలు ఒక్కో వాకిట్లో బస్తా కుమ్మరించేవాళ్ళు. వీధిలో ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, బడి సెలవుల్లో ఉన్న పిల్లలు చుట్టూ కూర్చునేవాళ్ళు. ఈ రోజు ఈ ఇంట్లో, రేపు ఆ ఇంట్లో. వేళ్ళు బొబ్బలెక్కేవి. కొందరు కాయను నేలకు కొట్టి పగలగొట్టేవాళ్ళు. పెండ్లి సంబంధాలు అక్కడే కుదిరేవి, అత్తాకోడళ్ళ తగవులు అక్కడే తీరేవి. జేజి చెప్పే కథలు అక్కడే వినేవాళ్ళం. మా వైపు నాయనమ్మను జేజి అంటారు, తాతను జేజినాయన అంటారు. రాక్షసుల కథ ముగిసేసరికి బస్తా ఖాళీ అయ్యేది. పిల్లలు వలిచినన్ని పప్పులు నోట్లో కూడా వేసుకునేవాళ్ళు. దానికి ఎవరూ కసురుకునేవాళ్ళు కాదు.

వేరుశనగ ఇంతగా పరుచుకోకముందు ఈ ఎర్ర నేలల్లో కొర్ర, సజ్జ, జొన్న, రాగి, ఆరికలు పండేవి. అవి తిండి గింజలు. ధర పడిపోయినా ఇంట్లో ముద్దకు లోటు ఉండేది కాదు. పంట బాగా వచ్చిన ఏడు, రాని ఏడుకు దాచేవాళ్ళు. నేలలో గొయ్యి తవ్వి, గింజలు పోసి, గడ్డి పరిచి, మట్టి కప్పేవాళ్ళు. దాన్ని పాతర అంటారు. పాతర తీసేటప్పుడు వెంటనే లోపలికి దిగేవాళ్ళు కాదు. లోపల గాలి చెడి ఉంటుంది, దిగిన మనిషి ప్రాణానికే ముప్పు. మూత తీసి కొంతసేపు ఆరనిచ్చి, దీపం దించి, అది ఆరిపోకుండా వెలిగితేనే మనిషి దిగేవాడు. రాగులయితే ఏళ్ళ తరబడి పురుగు పట్టకుండా ఉంటాయి. 1876లో మొదలైన కరువును ఆ తెలుగు సంవత్సరం పేరుతో ధాత కరువు అని ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి కరువులు చూసిన జనానికి రాగి మీద అంత నమ్మకం ఎందుకో వేరే చెప్పాలా?

ఆ రాగితో చేసే సంగటి గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి. ఇప్పుడు పట్నం హోటళ్ళలో రాగి సంగటి, నాటుకోడి పులుసు అని బోర్డులు పెడుతున్నారు. కోడి పులుసు పండగనాటి మాట. రోజూ సంగటిలోకి నంచుకునేది గోగాకు పుల్లగూరో, పప్పో, ఊరుబిండో. ఊరుబిండి అంటే వేయించిన బుడ్డల పప్పు, ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు వేసి రోట్లో నూరే పచ్చడి. సంగటికి ముందు నూకలు మెత్తగా ఉడకాలి. గంజి ఇంకకముందే నడిమధ్య రాగిపిండి కుప్పగా పోసి, కదిలించకుండా మూత పెట్టి, సన్న మంట మీద మగ్గనివ్వాలి. ఇక్కడ తొందరపడితే పిండి ఉండలు కడుతుంది. తరువాత కుండను కింద దించి, పాదాలతో అదిమి పట్టి, రెండు చేతులా తెడ్డుతో కెలకాలి. భుజాలకు బలముండాల్సిన పని ఇది. చేయి నీళ్ళల్లో తడుపుకొని ముద్ద చేసి, పళ్ళెంలో పెట్టి, మధ్యలో వేలితో గుంట చేసి నెయ్యో పులుసో పోస్తారు. సంగటిని నమలరు, మింగుతారు. కొత్తగా తినేవాళ్ళకు గొంతు పట్టేస్తుంది, మెల్లగా అలవాటవుతుంది. పొద్దున తిన్న ముద్ద మిట్టమధ్యాహ్నం దాకా చేనులో మనిషిని నిలబెడుతుంది. వంటింట్లో సంగటి కెలికే చప్పుడు వినిపిస్తే, ఆ పూట వచ్చిన చుట్టానికి ఆకలి భయం లేనట్టే. ముద్దలు లెక్క పెట్టి చేసినా ఒకటి ఎక్కువే చేస్తారు.

ఇక వాన రానప్పుడు ఏం చేస్తారు? పిల్లలు కప్పను కట్టిన కట్టె మోసుకొని ఇంటింటికీ తిరుగుతారు, ఇల్లాలు బిందెడు నీళ్ళు పోస్తుంది. కొన్ని ఊళ్ళల్లో పాయసం వండి బండ మీద పోసి, ఆ బండ మీదే తింటారు. ఇలాంటివి మిగతా తెలుగు పల్లెల్లోనూ ఉన్నాయి. సీమలో వీటికన్నా లోతుగా వేళ్ళూనింది విరాటపర్వం. వానలు తప్పితే ఊరంతా చందా వేసుకొని విరాటపర్వం చదివిస్తారు, లేదా ఆడిస్తారు. భారతంలో పద్దెనిమిది పర్వాలుంటే ఇదొక్కటే ఎందుకు? దానికి కారణం ఆ కథలోనే ఉంది. పాండవులు అజ్ఞాతవాసంలో ఎక్కడ దాగి ఉన్నారో తెలియక దుర్యోధనుడు గూఢచారులను పంపుతాడు. వాళ్ళు ఉత్త చేతులతో తిరిగొస్తారు. అప్పుడు భీష్ముడు పాండవుల జాడ పట్టే గుర్తు చెబుతాడు. ధర్మరాజు ఉన్న దేశంలో వానలు వేళకు కురుస్తాయి, పైరు పండుతుంది, ఆవులు పాలిస్తాయి, అక్కడ వెతకమంటాడు. ఆ కథ మా పల్లెల్లో జరిగితే ధర్మరాజు మా ఊళ్ళోనే ఉన్నట్టు, ఆయనుంటే వాన రాక తప్పదు అన్నది ఆ నమ్మకం. చదువురాని రైతులు ఇంత సూక్ష్మమైన చోటును కథలోంచి పట్టుకొని ఆచారంగా మలుచుకున్నారంటే నాకెప్పుడూ ఆశ్చర్యమే. అందులో ఒక హెచ్చరిక కూడా దాగి ఉంది. వాన రాలేదంటే ఊళ్ళో ధర్మం ఎక్కడో తప్పిందని, ఎవరు ఎవరికి అన్యాయం చేశారో చూసుకోమని. విరాటపర్వం పెట్టుకున్న రాత్రి పాత తగాదాలు మాట్లాడుకొని తెంచుకోవడం కూడా ఉండేది.

ఆ విరాటపర్వాన్ని వీధి భాగవతులు ఆడేవాళ్ళు, తోలుబొమ్మలవాళ్ళు ఆడించేవాళ్ళు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే పల్లె ఉంది. మేకతోలును పలచగా తీసి, వెలుగు లోపలినుంచి కనిపించేంతగా శుభ్రం చేసి, రంగులద్ది, నిలువెత్తు బొమ్మలు చేసే కుటుంబాలు అక్కడ ఉన్నాయి. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఇప్పుడు ఆ ఇళ్ళల్లో ఆటకన్నా దీపాల గొడుగులు, గోడకు తగిలించే బొమ్మలే ఎక్కువ తయారవుతున్నాయి. చేతి పని బతికింది, మంచిదే. తెర వెనక తెల్లవార్లూ పాడిన గొంతుల సంగతే నాకు బెంగ. ఈ ప్రాంతంలోనే ఉరుముల వాద్యం ఉంది. రెండు మూతులున్న డప్పుకు ఒక వైపు పుల్లతో కొడతారు, ఇంకో వైపు తోలు మీద వంపు పుల్లను రాస్తారు. రాసినప్పుడు పుట్టే ధ్వని కడుపులోంచి వస్తుంది. గంగమ్మ జాతరలో పది ఉరుములు ఒకేసారి మోగితే మబ్బులేని రాత్రి కూడా తలెత్తి ఆకాశం వైపు చూస్తాం.

వాన పడితే దాన్ని పట్టి ఉంచేది చెరువు. విజయనగర రాజుల కాలంలో ఈ ప్రాంతమంతా చెరువులు తవ్వించారు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. మంచి చెరువుకు కావలసినవి పన్నెండు చెబుతుంది ఆ శాసనం. ధర్మం తెలిసిన రాజు ఉండాలి, నీటి శాస్త్రం తెలిసిన మనిషి ఉండాలి, గట్టి నేల ఉండాలి, తియ్యటి నీళ్ళ ఏరు ఉండాలి, దగ్గర్లో మంచి రాయి దొరకాలి, కట్ట కట్టడంలో ఆరితేరిన పనివాళ్ళు ఉండాలి, ఇలా సాగుతుంది ఆ పట్టిక. ఆరు దోషాలు కూడా చెప్పింది. కట్టలోంచి నీరు ఊరకూడదు, చౌడు నేల పనికిరాదు, నీళ్ళు కొంచెమై ఆయకట్టు పెద్దదవకూడదు. రెండు రాజ్యాల ఎల్లల నడుమ చెరువు కట్టకూడదని కూడా రాశారు! ఆరున్నర శతాబ్దాల కిందటే నీటి తగాదా ఎక్కడ పుడుతుందో వాళ్ళకు తెలుసు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళు పని చేస్తే ఆ చెరువు తయారయింది.

చెరువుంటే సరిపోదు, నీళ్ళు పంచేవాడు కావాలి. ఆయన నీరుగంటి. తూము ఎప్పుడు తెరవాలి, ఏ మడికి ఎంతసేపు పారాలి అన్నది ఆయన చేతిలో ఉండేది. కళ్ళంలో గింజలు తూర్పారబట్టగానే ఆయన మేర ఆయనకు కొలిచేవాళ్ళు. నీళ్ళు తక్కువున్న ఏడు చివరి మడిదాకా పారించడానికి రాత్రంతా గట్ల మీద తిరిగేవాడు. చెరువు నిండి మరవ పారిన రోజు ఊరికి పండగ. పసుపు కుంకుమలతో గంగపూజ చేసి, పొట్టేలు కోసేవాళ్ళు, మరవ దగ్గర పిల్లలు ఈతలు కొట్టేవాళ్ళు. నవధాన్యాలు మొలకెత్తించి, ఆ మొలకల కుండలు తలకెత్తుకొని ఆడవాళ్ళు చెరువుకు పోయి వదిలే మొలకల పున్నమి కూడా సీమలో ఉంది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. చెరువు ఊరందరిదీ అంటాం. తవ్వినవాళ్ళల్లో, కట్ట మీద మట్టి మోసినవాళ్ళల్లో దళితులు ముందున్నారు. ఆయకట్టు కింద భూమి మాత్రం వాళ్ళకు దక్కలేదు. తాగేనీళ్ళ బావి దగ్గర వాళ్ళు దూరంగా నిలబడి, ఎవరైనా పోస్తారా అని చూడాల్సి వచ్చేది. చిలుకూరి దేవపుత్రగారి పంచమం నవల చదివితే ఆ బతుకు అర్థమవుతుంది. ఊరంతా కలిసి ఎదురుచూసిందని గర్వంగా చెప్పుకునేటప్పుడు, ఆ కలయికలో ఎవరిని వాకిలి బయటే ఉంచామో చెప్పకపోతే మాట అబద్ధమవుతుంది.

అదే మొహర్రంనాటి పీర్ల పండగ దగ్గరికి వస్తే నా మనసు నిండుతుంది. సీమలో చాలా పల్లెల్లో పీర్ల సావిడి ఉంటుంది. ఒక్క ముస్లిం ఇల్లు కూడా లేని ఊళ్ళల్లోనూ ఉంటుంది. అలాంటి చోట పాతెహా చదవడానికి పక్క ఊరినుంచి మనిషిని పిలుచుకొస్తారు. పీర్లను ఎత్తుకునేది రైతులే, గుండం తవ్వేదీ ఊరివాళ్ళే, చక్కెర చదివింపులు ఇచ్చేదీ అందరూ. నార్పల మండలం గూగూడులో కుళ్ళాయిస్వామి అనే పీరు ఉన్నాడు. మొహర్రం రోజుల్లో అక్కడికి వచ్చే జనం ఇంతా అంతా కాదు. కుళ్ళాయిస్వామిని చూసుకొని, పక్కనే ఉన్న ఆంజనేయస్వామికీ మొక్కుకొని, అగ్నిగుండం తొక్కడం చూసి ఇంటికి పోతారు. ఆ ఉత్సవం మీద అఫ్సర్ మహమ్మద్ గారు ఇంగ్లీషులో రాసిన పుస్తకం 2013లో వచ్చింది. అనంతపురం బడుల్లో హాజరుపట్టీ చూడండి, కుళ్ళాయప్ప, ఫకీరప్ప, హుస్సేనప్ప, దస్తగిరమ్మ అని పేర్లుంటాయి. ఆ పిల్లల్లో చాలామంది హిందూ ఇళ్ళ పిల్లలు. బిడ్డ బతికితే నీ పేరు పెట్టుకుంటామని మొక్కుకున్న తల్లులు పెట్టిన పేర్లవి. మొహర్రం చాంద్రమానంలో ఏటేటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ ఉంటుంది. ఒక ఏడు విత్తనాల వేళ వస్తుంది, కొన్నేళ్ళకు కోతల వేళ, ఇంకొన్నేళ్ళకు మండుటెండలో. ఏ వేళకొచ్చినా ఊరు పని ఆపి దానికి చోటు చేస్తుంది.

దేవర అనే జాతర సంగతి క్లుప్తంగా చెబుతాను. పెద్దమ్మకో, సుంకులమ్మకో, మారెమ్మకో కొన్నేళ్ళకొకసారి ఊరంతా దేవర చేస్తుంది. ఆడబిడ్డలను, అల్లుళ్ళను, బావమరదులను పిలుస్తారు. ఇంటింటా పొట్టేలు తెగుతుంది. రాత్రి ఊరి పొలిమేర చుట్టూ పొలి, అంటే బలి అన్నం, చల్లుతారు. దీనికి అప్పులు చేసిన ఇళ్ళున్నాయి, అది నాకు నచ్చదు. చేతిలో డబ్బు లేని ఇల్లు మాంసం కూర వండలేదని సిగ్గుపడే పరిస్థితి ఏ దేవతా కోరదు. కానీ బెంగళూరులో కట్టుబడి పనులకు పోయి, రేకుల గుడిసెల్లో ఉండే కుటుంబాలు ఏళ్ళ తరువాత ఒకే వాకిట్లో కూర్చొని అన్నం తినేది కూడా ఆ దేవర రోజుల్లోనే.

ఈ కలిసి బతకడాన్ని కదిపింది ఏమిటని ఆలోచిస్తే నాకు బోరుబావి కనిపిస్తుంది. చెరువు నీళ్ళు పంచుకోవాలి, నీరుగంటి మాట వినాలి, కాలువ పూడిక అందరూ కలిసి తీయాలి. బోరు నీళ్ళు వేసినవాడివే. చీనీ, అంటే బత్తాయి, తోటల కోసం, టమాటా కోసం ఒకరు వేస్తే పక్కవాడు ఇంకా లోతుగా వేశాడు. రెండు వందల అడుగుల్లో దొరికిన నీళ్ళు కొన్నిచోట్ల వెయ్యి అడుగులు దాటాయి. వేసిన బోర్లలో నీళ్ళు పడనివి ఎన్నో. అప్పు మాత్రం పడింది. ఆ అప్పుకు ప్రాణాలు తీసుకున్న రైతులున్నారు. ఆ చావుల్లో ప్రతి ఒక్కరూ ఒంటరిగా లెక్క వేసుకొని ఓడిపోయినవాళ్ళే. చెరువు వంకలు కంపచెట్లతో పూడిపోయాయి. నీరుగంటి పని అక్కరలేకుండా పోయింది. విరాటపర్వానికి చందా అడిగితే బోరున్న ఇల్లు, నాకెందుకు అన్నది.

అయితే ఈ ప్రాంతంలోనే కొన్ని ఊళ్ళ రైతులు వేరే దారి పట్టారు. బోర్లున్నవాళ్ళూ లేనివాళ్ళూ కూర్చొని ఒడంబడిక రాసుకున్నారు. ఉన్న బోర్లన్నిటినీ గొట్టాలతో కలిపేశారు. కొన్నేళ్ళపాటు ఎవరూ కొత్త బోరు వేయకూడదు. అందుకు బదులుగా, వాన ముఖం చాటేసి, వేరుశనగ ఊడలు దిగే వేళ నేల గట్టిపడినప్పుడు, బోరు లేని చేనుకు కూడా తుంపర గొట్టాలతో ఒకటి రెండు తడులు ఇవ్వాలి. ఒక్క తడి అందితే ఊడ నేలలోకి దిగుతుంది, కాయ నిండుతుంది. అందకపోతే పెట్టిన విత్తనం కూడా తిరిగి రాదు. మరోవైపు హంద్రీ-నీవా కాలువలో కృష్ణా నీళ్ళు జీడిపల్లిదాకా వచ్చి, అక్కడినుంచి కొన్ని చెరువులకూ చేరుతున్నాయి. చెరువుకు నీళ్ళొచ్చిన ఊళ్ళల్లో చుట్టుపక్కల పాత బోర్లు మళ్ళీ పోస్తున్నాయి. అక్కడ ఇప్పుడు తేల్చుకోవలసిన లెక్కలున్నాయి: ఆ చెరువు కింద తూము ఎవరు తెరవాలి, మొదటి తడి ఎవరికి, చివరి మడికి ఎన్ని గంటలు, భూమి లేనివాళ్ళకు చేపల మీద, కట్ట మీది చెట్ల మీద ఎంత హక్కు. ఈ మాటలు రచ్చకట్ట మీద అందరి ముందు, ఈసారి అందరినీ కూర్చోబెట్టి, కాగితం మీద రాసుకోవాలి. మృగశిర రాకముందే రాసుకోవాలి.